నాలుగో ఆజ్ఞ దగ్గర ఆగిపోయిన ఓబులమ్మ

మా సంఘంలో ఈ యేడు ఇద్దరు ఆడపిల్లలు బైబిలమ్మ పనికి చేరినారు. ఇద్దరూ డిగ్రీ చదివినవాళ్లు. పాస్టరయ్య నన్ను పిలిచి, "శాంతమ్మా, వీళ్లకు నీ అనుభవం నాలుగు పేజీలు రాసిపెట్టు. నోటితో చెప్పమంటే నువ్వు తిడతావు, రాస్తే కొంచెం నయంగా ఉంటావు" అన్నాడు. నేను చదివింది ఐదో తరగతి. నాకు రాసే అలవాటు ప్రార్థన మనవులు రాసుకోవడం వరకే. అందుకని తప్పులుంటే సర్దుకోని చదువుకోండి.

జీతం ఎంత, రిపోర్టు ఎట్ల రాయాల, ఏ మీటింగుకు ఏ చీర కట్టుకోవాల అనేవి నేను రాయను. అవి ఆఫీసులో చెప్తారు. నేను రాసేది భయం గురించి. ఈ పనిలో ఉన్నన్నాళ్లు నన్ను విడవనిది అదే. పని మానినాక పోతుందనుకున్నా. పోలేదు.

పని అంటే ఏంది

బైబిలమ్మ అంటే ఇల్లిల్లూ తిరిగే మనిషి. పాస్టరు అయ్యగారు పీఠం దగ్గర నిలబడి చెప్పింది, మనం పొయ్యి దగ్గర కూర్చోని చెప్తాం. జమ్మలమడుగులో ఆస్పత్రి వార్డులు తిరిగినాను. పొద్దుటూరులో మగ్గాల వీధులు తిరిగినాను. కడపటి ఏండ్లు పులివెందుల చుట్టుపక్కల పల్లెలు. చెప్పులు అరిగినా ఆటో ఎక్కేదాన్ని కాదు. పాత పెండ్లిపత్రికల వెనక తెల్లగా ఉంటే దాని మీద వాక్యాలు రాసి పిల్లలకిచ్చేదాన్ని. ఎవరింట్లోనూ కాఫీ తాగేదాన్ని కాదు. "ఏంది శాంతమ్మక్కా, మా ఇంట్లో తాగితే నీకు అంటుకుంటాదా?" అని దెప్పినవాళ్లున్నారు. అంటు గాదు. ఒకరి దగ్గర ఊరికే తీసుకోవడం నాకు చేతగాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఊరికే తీసుకోవడం చేతగాని మనిషిని దేవుడు ఊరికే ఇచ్చేదాని గురించి చెప్పమని పెట్టినారు.

మనం చెప్పాల్సింది ఒకటే మాట. మనిషి తాను చేసిన మంచి పనుల వల్ల దేవుని ముందర నీతిమంతుడు కాలేడు. క్రీస్తు మన కోసం చచ్చి లేచినాడని నమ్మినందువల్ల దేవుడు నీతిమంతుడని తీర్పిస్తాడు. అయ్యగార్లు దీన్ని పెద్ద మాటల్లో చెప్తారు. నేను పల్లెల్లో కోర్టు మాటల్లో చెప్పేదాన్ని, కేసులు చూడని ఇల్లు మన వైపు తక్కువ గదా. "తప్పు చేసింది నువ్వే. జడ్జికీ తెలుసు. అయినా నీకు పడాల్సిన శిక్ష ఇంకొకాయన అనుభవించేసినాడు, నువ్వింక ఇంటికి పో అంటాడు. ఆ మాట నమ్మి, లేచి ఇంటికి పోయేదే విశ్వాసం."

ఒకసారి ఒక ముసలమ్మ అడిగింది: "పోతాంటే మళ్లీ ఎనక నుంచి పట్టుకోరు గదా మే?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. కానీ ఇంటికొచ్చేటప్పుడు నాకు తెలిసింది, ఆమె అడిగింది నా కడుపులో ఉన్న మాటే. నేను పోతానే ఉన్నా, వెనక్కి చూసుకుంటానే ఉన్నా.

గ్రేసమ్మ చేసిన పని

నాకు పని నేర్పింది గ్రేసమ్మ. జమ్మలమడుగు వార్డుల్లో ఆమెకు భయపడని నర్సు లేదు. ఆమె నవ్వగా నేను చూసింది తక్కువ. మంచం పక్కన నిలబడి వాక్యం చెప్తే ఒప్పుకునేది కాదు. "కూర్చో. పడుకోనున్న మనిషి పైకి చూడాల్నా?" అనేది.

అక్కడ ఒక ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో చేరింది. తేరుకోదని డాక్టరమ్మ చెప్పేసింది. తనకు బాప్తిస్మం కావాలని ఆమె గ్రేసమ్మను అడిగింది. అయ్యగారు ఊర్లో లేడు. మా సంఘం పద్ధతి ఒకటుంది, మీరు నేర్చుకోవాల్సిన వాటిలో ఇది మొదటిది. ప్రాణం మీదికి వచ్చి, అయ్యగారు అందకపోతే, సంఘంలో ఎవరైనా నీళ్లు పోసి బాప్తిస్మం ఇవ్వొచ్చు. గ్రేసమ్మ ఆమెను ఒక్కటే అడిగింది. "ఆయన నిన్ను తీసుకుంటాడని నమ్ముతాండావా?" ఆమె తల ఊపింది. పక్కన తాగే నీళ్ల గ్లాసు ఉంటే అందులోంచే అరచేతిలోకి ఒంపుకోని, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరున ఆమె తల మీద పోసేసింది.

బయటికి వచ్చినాక నేను అడిగినాను. "అక్కా, ఆమెకు ఆజ్ఞలు రావు, విశ్వాస ప్రమాణం రాదు. ఏమీ రాదు గదా?"

"రాదు. అందుకే పోసినా" అంది గ్రేసమ్మ.

ఆ మాట నాకు నచ్చలేదు. పాఠం రాకపోతే పై తరగతికి పంపని బడిలోనే గదా నేను చదివింది, ఆ చదివిన ఐదేండ్లైనా.

పొద్దుటూరులో తలవంపు

పొద్దుటూరుకు నన్ను మార్చినాక మొదటిసారి నేనే సొంతంగా బాప్తిస్మం తరగతి చెప్పినాను. ఆజ్ఞలు పది, ప్రభువు ప్రార్థన, మనం నమ్మేదేందో చెప్పే విశ్వాస ప్రమాణం, ఇవి అప్పజెప్పిన వాళ్ల పేర్లే బైబిలమ్మ అయ్యగారికి ఇస్తుంది. అయ్యగారు బాప్తిస్మం రోజున సంఘం ముందర ఒకటి రెండు అడుగుతాడు. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్ల ఆ రోజు భయంతో విశ్వాస ప్రమాణం సగంలో మరిచిపోయి ఏడ్చింది. వెనక బెంచీలో ఒకాయన, సంఘ పెద్దే, "ఐదో తరగతి బైబిలమ్మ నేర్పితే ఇంతే" అన్నాడు. మెల్లగా అనలేదు.

అయ్యగారు ఆ పిల్లకు బాప్తిస్మం ఇచ్చేసినాడు. కానీ నేను ఆ రోజు ఒట్టు పెట్టుకున్నా. నా చేతి కింద వచ్చే మనిషి ఇంక ఎవరి ముందరా తడబడగూడదు. అప్పటి నుంచి నా తరగతి గట్టిదని పేరొచ్చింది. అయ్యగార్లు మెచ్చుకున్నారు. ఒక బాసు మనల్ని తిడితే జాగ్రత్త పడతాం గానీ, మెచ్చుకుంటే అసలు పడం. నన్ను చెడగొట్టింది మెచ్చుకోలే.

ఆ రోజుల్లోనే మా వీధిలో ఖాజాబీ అనే కుట్టుపని ఆమె ఉండేది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. మాట సూటిగా అడిగే మనిషి. "శాంతమ్మా, మీ దేవుడు నమ్మితే చాలు, ఊరికే మాఫీ అంటాడు అంటాండావే, మరి మనిషికి భయం యాడుంటాది? భయం లేకుంటే మంచిగా యాడుంటాడు?"

మాఫీ దొరికిందని తెలిసినవాడు ప్రేమకొద్దీ మంచిగా ఉంటాడు అని జవాబు చెప్పాల. చెప్పినాను గూడా. కానీ గొంతు తక్కువైంది. "నువ్వు గూడా నమ్మి చెప్తాన్నట్టు లేదే" అని ఖాజాబీ సూదిలో దారం ఎక్కించుకుంది.

ఓబులమ్మ

ఇంక పులివెందుల. ఓబులమ్మ చీనీ బత్తాయి తోటల్లో కూలికి పోయేది. మొగుడు పోయినాడు. ఒక్క కూతురు రవణమ్మ, అదే ఊర్లో కాపురం. అల్లుని వైపు వాళ్లకు మన దేవుడంటే పట్టింపు లేదు, ఓబులమ్మను అడ్డగించినవాళ్లూ లేరు. ఓబులమ్మ నాకంటే రెండు మూడేండ్లు చిన్నది. పని నుంచి వచ్చి, చేతులు కడుక్కోని, తరగతికి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది.

మొదటిసారి ఆజ్ఞలు అప్పజెప్పమంటే, "దొంగతనం చేయగూడదు" అని మొదలుపెట్టింది.

"అది ఎనిమిదోది మే. మొదటిది చెప్పు."

"మా తోటల్లో మొదట చెప్పేది అదే అక్కా. కాయ మీద చెయ్యి పడితే మేస్త్రీ ఊరుకుంటాడా?"

అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. వచ్చే నెలకు నేర్చుకోని రమ్మన్నాను. మా వైపు పల్లెల్లో అయ్యగారు నెలకో, రెండు నెలలకో ఒకసారి వస్తాడు. ఒకసారి తప్పితే మళ్లీ ఆయన వచ్చేదాకా ఆగాల.

రెండోసారి వరస కుదిరింది, కానీ తొమ్మిదే చెప్పింది. నాలుగోది, విశ్రాంతి దినాన పని మానుకోని దేవునికి కేటాయించాలనేది, దాన్ని దాటేసి ఐదోదానికి పోయింది. మూడోసారీ అట్లనే. నాకు కోపం వచ్చింది.

"ఒక్కటి మే. ఒకే ఒక్కటి. అది గూడా బుర్రలో పెట్టుకోలేవా?"

ఆమె తల దించుకోని, "లేదు అక్కా" అంది.

అయ్యగారు ఆ సాయంత్రం నన్ను అడిగినాడు. కొత్తగా వచ్చిన చిన్న వయసాయన, ఇప్పుడు నన్ను ఇది రాయమన్నది ఆయనే. "ఓబులమ్మ పేరు ఇయ్యలేదే?" అంటే, "ఇంకా కాలేదు అయ్యా. వచ్చేసారి" అన్నాను. ఆయన నా ముఖం చూసి, "నీకు కాలేదా, ఆమెకు కాలేదా?" అన్నాడు. చిన్నోడు, ఆయనకేం తెలుసులే అనుకున్నా.

ఆ మధ్యాహ్నం

కాయ కోసే కాలం. తోటలో ఓబులమ్మ గుండె పట్టుకోని కూలబడింది. పులివెందుల ఆస్పత్రిలో చేర్చినారు. కడపకు తీసకపోవాల, అంబులెన్సు వస్తాంది అన్నారు. రవణమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మా యమ్మ నిన్ను పిలస్తాంది. బిరీన రా." ఆ ఒక్కరోజు నేను ఆటో ఎక్కినాను.

పోయేసరికి ఓబులమ్మకు చెమటలు పోస్తున్నాయి, తెలివి మాత్రం బాగా ఉంది. మందుల చీటీ పట్టుకోని రవణమ్మ బయటికి పోయింది. మంచం పక్కన స్టూలు మీద గ్లాసు నిండుగా నీళ్లున్నాయి.

"అక్కా, నీళ్లు పొయ్యి" అంది ఓబులమ్మ. తాగేదానికి అడగలేదని నాకు తెలుసు.

నేను అయ్యగారికి ఫోన్ చేసినా. ఎత్తలేదు. మళ్లీ చేసినా. పద్ధతి నాకు తెలుసు. గ్రేసమ్మ చేసింది నా కండ్లతో చూసినా. అయినా నా తలకాయలో తిరిగేది ఏందంటే, ఈమె బతికి లేచి సంఘంలోకి వస్తే, నలుగురిలో అడిగితే తొమ్మిదే చెప్తే, నేను పోసినానని తెలిస్తే.

"ఒక్కసారి ఆజ్ఞలు చెప్పు మే. వినేసి పోస్తా" అన్నాను.

ఆమె మొదలుపెట్టింది. మొదటిది చెప్పింది. రెండు. మూడు. ఆగింది.

"చెప్పు. విశ్రాంతి దినం..."

"తెలుసు అక్కా" అంది ఓబులమ్మ. "నాకు మొదట్నుంచీ తెలుసు. కాయ కోసేటప్పుడు ఆదివారం గూడా పోతాండా గదా. పోకుంటే మళ్లీ పిలవరు. చెయ్యనిదాన్ని ఆయన ముందర ఎట్ల అప్పజెప్పేది? నావల్ల కాలేదని ఆయనకే చెప్పుకున్నా. నన్ను పోనిస్తాడా అక్కా?"

పిల్లలారా, ఇంత తేటగా నాకు ఏ అయ్యగారూ చెప్పలేదు. దేవుని ఆజ్ఞల ముందర నోరు మూసుకోని, ఆయన దయ తప్ప ఏమీ లేదని ఒప్పుకున్న మనిషి నా ముందర పడుకోని ఉంది. ఆమె మరిచిపోలేదు. నెలల తరబడి మరిచిపోయిందని తిట్టించుకుంటా కూర్చుంది గానీ అబద్ధం అప్పజెప్పలేదు. అప్పుడే నాకు ఇదంతా అర్థమైంటే ఎంత బాగుండు. నేను అన్నది ఇది:

"ముందు నాలుగోది చెప్పు."

ఓబులమ్మ నా వైపు కొంచెంసేపు చూసింది. కండ్లు మూసుకుంది. చెప్పడానికి గుర్తు చేసుకుంటాంది అనుకున్నా. నర్సు వచ్చి, నాడి పట్టుకోని, డాక్టరును కేకేసేదాకా అట్లనే అనుకున్నా.

గ్లాసు గ్లాసు మాదిరే ఉంది.

రవణమ్మ మందులు తీసుకోని వచ్చింది. తల్లిని చూసింది, నన్ను చూసింది. ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒక్కసారి తలెత్తి అడిగింది.

"మా యమ్మకు నీళ్లు పోసినావా?"

"లేదు."

"ఎందుకు పొయ్యలా?"

నేను గ్లాసును స్టూలు మీద అవతలికి జరిపినాను.

"అయితే మా యమ్మ యాడికి పోయినట్టు?"

ఈ ప్రశ్నకు జవాబు నేను లెక్కలేనన్ని ఇండ్లలో చెప్పినాను. క్రీస్తు పక్కన సిలువ మీద చచ్చిన దొంగకు బాప్తిస్మం లేదు, ఆజ్ఞలు రావు, ఒక్క మంచి పని చేసేదానికి టైము లేదు. నన్ను గుర్తు పెట్టుకో అన్నాడు, అంతే, ఆ రోజే పరదైసుకు పోయినాడు. గుడ్డ బోర్డు మీద ఫ్లానెల్ బొమ్మలు అంటించి మరీ చెప్పినాను. ఆ రోజు మాత్రం చెప్పలేకపోయినా. ఓబులమ్మ గురించి నాకు భయం లేదు. ఆ జవాబు చెప్పే హక్కు నాకు లేదని భయం. ద్వారం దగ్గర నిలబడి దారి చూపమని పెడితే, నేను గడియ పెట్టి కూర్చున్నా.

మీకు ఒక్కటి గట్టిగా చెప్తా. నేర్పండి, బాగా నేర్పండి, నేర్చుకోవడం మంచిదే. కానీ దాన్ని తూకంరాయి చేసుకోవద్దండి. నమ్మకాన్ని గూడా పరీక్ష చేసేస్తాం మనం. ఇంత గట్టిగా నమ్మితే పాసు, ఇంత తక్కువైతే ఫెయిలు అని. అట్ల చేస్తే అది మళ్లీ మన పనే, ఆయన పని కాదు. ఇది నేను మీకు చెప్పగలను. నాకు నేను చెప్పుకోవాలంటే ఇప్పటికీ కష్టమే. నన్ను పోనిస్తాడా అని ఓబులమ్మ ఒక్కసారి అడిగింది, నేను రోజూ అడుగుతా. నేను చేసిన మంచి ఏదన్నా గుర్తు చేసుకుంటే భయం ఎక్కువైతాంది. ఏమీ లేదని ఒప్పుకుంటే కొంచెం తగ్గుతాంది. తగ్గుతాంది గానీ పోదు.

సమాధుల తోట

తనను మన సమాధుల తోటలో పెట్టాలని ఓబులమ్మ కూతురికి ఎప్పుడో చెప్పి ఉంది. రవణమ్మ ఆ మాట పట్టుకోని సంఘం దగ్గరికి వచ్చింది. సెక్రెటరీ సారు రిటైర్డు హెడ్మాస్టరు, రూలు తప్పని మనిషి, నాకు ఆయనంటే గౌరవమే. ఆయన రిజిస్టరు తెరిచి చూపించినాడు.

"బాప్తిస్మం రిజిస్టర్లో పేరు లేదు. తోటలో ఎట్ల పెట్టేది? శాంతమ్మా, నువ్వే గదా మూడు సార్లు ఇంకా కాలేదన్యావు? ఇప్పుడు నేనేం చేసేది చెప్పు."

ఆయన మాటలో తప్పు లేదు. అంతా నేను రాయించిందే.

"తప్పు నాది సారూ" అన్నాను. "ఆమె అడిగింది. నీళ్లు పక్కనే ఉన్నాయి. నేనే పొయ్యలేదు. తోటలో మా ఆయన సమాధి పక్కన నాకు స్థలం పెట్టినారు గదా, అది ఓబులమ్మకు ఇయ్యండి."

"మరి నిన్ను?"

"నన్ను యాడన్నా పెట్టండి."

నిజం చెప్తా. ఆ మాట అంటానే నాకు గుండె తేలికైంది. పెద్ద మూట దించినట్టు అనిపించింది. అప్పటికే అయ్యగారు వచ్చి గడప దగ్గర నిలబడి వింటున్నాడు.

"ఆమె నమ్మిందా శాంతమ్మా?" అని అడిగినాడు.

"నమ్మింది అయ్యా."

"నీకెట్ల తెలుసు?"

"నావల్ల కాలేదు, పోనిస్తాడా అని అడిగింది."

అయ్యగారు సెక్రెటరీ సారు వైపు తిరిగినాడు. "సారూ, ఆమె వద్దని బాప్తిస్మం మానుకోలేదు. మనం ఇయ్యలేదు. ఆమెను తోటలోనే పెడతాం, ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటా." సారు కండ్లద్దాలు తీసి, రిజిస్టరు మూసేసినాడు. అప్పుడు అయ్యగారు నాతో అన్నాడు: "నీ స్థలం నీ దగ్గరే ఉంచుకో. అది ఇచ్చి ఇది సరిచేసుకుందాం అనుకుంటాండావు. సరికాదు."

దించిన మూట మళ్లీ నెత్తికెక్కింది. ఇయ్యడానికి నా దగ్గర ఏమీ లేకుండా చేసినాడు ఆయన. ఆ రోజు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

సమాధి దగ్గర అందరూ తలా మూడు పిడికిళ్లు మట్టి వేసినారు. నేను గోడ వారన నిలబడినాను. రవణమ్మ నన్ను చూసి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నా. తిట్టాలనే కోరుకున్నా.

"మీ యమ్మను ఆపింది నేనే రవణా" అన్నాను. "ఆమె నన్ను నమ్ముకోని వచ్చింది, నేను..."

"నిన్ను నమ్ముకోని ఉంటే నా కడుపు మండేది" అంది రవణమ్మ. ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "మా యమ్మ నమ్ముకునింది నిన్ను గాదులే. నువ్వు పోసినా పొయ్యకపోయినా ఆమె పోయే తావుకు పోయింది. రా, మట్టి వెయ్యి. అందరూ వేసినారు."

"నాకు అర్హత లేదు రవణా."

ఆమె వంగి, మట్టి పిడికెడు తీసి, నా చెయ్యి పట్టుకోని, వేళ్లు విప్పి అందులో పోసింది.

"ఉందని ఎవరన్యారు? వెయ్యి."

వేసినాను.